పెళ్లికూతుళ్ల ఫోటోలకి కనపడని వాటర్‌మార్క్: అడోబీ కంటెంట్ ఆథెంటిసిటీ యాప్ మీద నా రివ్యూ

నేను రాజమండ్రిలో బ్రైడల్ మేకప్ చేస్తానండి. మా పనికి షాపు బోర్డు, షోకేసు అన్నీ ఇన్‌స్టా పేజీనే, అందులో ఉండేవన్నీ మొహాలే, అదీ కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు అన్నంత దగ్గర్నించి తీసినవి. నా మీద నమ్మకంతో సరే పెట్టుకో అక్కా అని ఒప్పుకున్న అమ్మాయిల మొహాలు అవి. వాటిని ఎవరు పడితే వాళ్లు తీసుకెళ్లి మార్ఫింగ్ చేయకుండా ఏదైనా దారుందా అని వెతగ్గా వెతగ్గా అడోబీ వాళ్ల కంటెంట్ ఆథెంటిసిటీ యాప్ దొరికింది, ఇప్పుడు నా పేజీలోకి వెళ్లే ప్రతి ఫోటో ముందు దాంట్లోంచి వెళ్లాల్సిందే. ఒక మాట ముందే చెప్పేస్తాను, మార్ఫింగ్‌ని ఇది ఆపదు, మార్ఫింగ్ జరిగాక ఒరిజినల్ ఏదో, ఎవరిదో చూపించడానికి పనికొస్తుంది. చాలామంది ఇది పెడితే ఇంక ఎవరూ ముట్టుకోలేరు అనుకుంటున్నారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

అసలు ఇంత దూరం ఎందుకొచ్చానంటే, మాఘమాసం ముహూర్తాల్లో ఒక అమ్మాయికి చేశాను, బాసికం, కళ్యాణ తిలకం, బుగ్గచుక్క, పూలజడ, పూర్తి సంప్రదాయం లుక్, సహజంగా చామనఛాయ అమ్మాయి, ఆ ఛాయ మార్చకుండా చేశానని తను ఎంత సంతోషపడిందో. ఆ ఫోటోని ఏదో తెల్లబడే క్రీమ్ అమ్మే పేజీ వాళ్లు ఎత్తుకెళ్లి, ఒక కాపీని నల్లగా చేసి వాడకముందు అని, ఇంకో కాపీని పాలిపోయినంత తెల్లగా చేసి వాడిన తర్వాత అని పక్కపక్కన పెట్టేశారు. మోసం ఎంత పచ్చిగా ఉందంటే రెండింట్లోనూ బుగ్గచుక్క అదే చోట ఉంది, బాసికం దారం చెవి దగ్గర అదే వంపు తిరిగి ఉంది, అంటే రెండూ ఒకటే ఫోటో. అది చూడ్డం తెలిసినవాళ్లకి తెలుస్తుంది గానీ ఆ అమ్మాయి అత్తగారి వైపు చుట్టాలకి ఎవరు చెప్తారు, మీ కోడలు క్రీమ్ రాసుకుని తెల్లబడిందంట కదా అని అడిగేశారు. ఆ పేజీకి మెసేజ్ పెడితే ఫోటో మాదే, మీరే కాపీ కొట్టారు, మీదని రుజువేంటి అన్నారు. రిపోర్టుల మీద రిపోర్టులు కొడితే చివరికి పోస్టు పోయింది అనుకోండి, కానీ రుజువేంటి అన్న మాట మాత్రం నాకు అక్కడే ఉండిపోయింది.

మూలన మీ లోగో వేసుకోలేదా అంటారేమో. వేశానండి, కత్తిరించేశారు. ఫోటో మధ్యలో అడ్డంగా వేసినా పెద్ద తేడా లేదు, 2017లోనే గూగుల్ రీసెర్చర్లు చూపించారు, ఒకే లోగోని ఒకే పద్ధతిలో బోలెడు ఫోటోల మీద వేస్తే కంప్యూటర్ వాటన్నిటినీ పోల్చి ఆ లోగో ఆకారం పట్టేసి శుభ్రంగా తీసేయగలదని. మన స్టూడియోల వాళ్లు సరిగ్గా చేసేది అదే కదా, ఆల్బమ్ మొత్తానికి ఒకే లోగో ఒకే చోట. పైగా ఇప్పుడు ఫోన్‌లోనే వేలితో రుద్దితే చెరిగిపోయే టూల్స్ వచ్చేశాయి. పెళ్లికూతురి మొహం మీద అడ్డంగా నా పేరు వేయడం నాకూ ఇష్టం లేదు, నా పని చూపించడానికి కదా ఫోటో పెట్టేది.

కనపడని వాటర్‌మార్క్ ఎలా పనిచేస్తుందో నాకు అర్థమైనంతలో చెప్తాను. ఫోటో అంటే లోపల అన్నీ అంకెలే, ప్రతి చుక్కకి ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి 0 నుంచి 255 వరకు ఒక విలువ. బుగ్గ మీద ఒక చుక్కలో ఎరుపు 201 ఉందనుకోండి, దాన్ని 202 చేస్తే ఎంత మంచి ఫోన్‌లో చూసినా మన కంటికి తెలీదు. అలా వేల చుక్కల్లో అటూఇటూ చిన్న మార్పులు చేసి అందులో ఒక రహస్య నంబర్ దాచేస్తారు, తర్వాత సాఫ్ట్‌వేర్ దాన్ని చదువుతుంది. ఊరికే చివరి అంకె మార్చే పాత పద్ధతైతే ఫోటోని జేపీజీగా (మామూలుగా ఫోటోలు సేవ్ అయ్యే ఫార్మాట్) కుదించగానే కొట్టుకుపోతుంది, ఎందుకంటే జేపీజీ ఫోటోని 8 బై 8 గళ్లుగా విడగొట్టి మన కంటికి పట్టని వివరాల్నే ముందు పారేస్తుంది. కాబట్టి గట్టి వాటర్‌మార్కులు కంప్రెషన్ తర్వాత కూడా మిగిలే చోట్లు చూసి, ఒకే నంబర్‌ని ఫోటో అంతా పరుస్తాయి. పెళ్లి సామాన్లలో బిందెలు, గిన్నెల మీద పేరు కొట్టించినట్టే ఇది, పేరు ఉందని ఎత్తుకెళ్లేవాడు ఆగడు, కానీ రేపు పంచాయితీలో బిందె ఎవరిదో తేలుతుంది.

ఇక యాప్ సంగతికొస్తే, ఫోన్ యాప్ అనుకునేరు, బ్రౌజర్‌లో ఓపెన్ చేసేదే. 2025 ఏప్రిల్‌లో పబ్లిక్ బీటాగా, అంటే ఇంకా పరీక్ష దశలో ఉండగానే, అందరికీ ఇచ్చారు, బీటాలో ఉన్నంతకాలం ఫ్రీ అన్నారు. ఒక అడోబీ అకౌంట్ చాలు, ఫోటోషాప్ కొనక్కర్లేదు. జేపీజీ, పీఎన్‌జీ ఫోటోలు ఒకేసారి 50 వరకు పడేయొచ్చు, ఇది నాకు చాలా నచ్చింది ఎందుకంటే ఒక పెళ్లికి ముహూర్తం లుక్, రిసెప్షన్ లుక్, హల్దీ అన్నీ కలిపి ఒక్కసారే వేసేస్తా. పేరు, ఇన్‌స్టా అకౌంట్ లింక్ జత చేసి, నా ఫోటోల్ని ఏఐ ట్రైనింగ్‌కి వాడొద్దు అనే టిక్ పెట్టి అప్లై కొడితే ఫోటోలు మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవడమే. చూడ్డానికి ముందు ఫోటోకీ తర్వాత ఫోటోకీ తేడా లేదు, నేను ప్రత్యేకంగా కాటుక గీత, ముక్కుపుడక రాయి, పట్టుచీర జరీ ఇవి జూమ్ చేసి చూశాను, మేకప్ బేస్ మీద ఎక్కడా మచ్చ గానీ గింజలు గానీ రాలేదు, మా ఫీల్డులో స్కిన్ టెక్స్చరే ప్రాణం కాబట్టి ఇది ముఖ్యం.

లోపల మూడు పనులు జరుగుతాయి. ఒకటి, ఈ ఫోటో ఫలానావాళ్లు పెట్టింది అని డిజిటల్ సంతకంతో ఫైల్‌కి ఒక చీటీ అంటుకుంటుంది, దీన్నే కంటెంట్ క్రెడెన్షియల్స్ అంటారు, సంతకం పడ్డాక ఫైల్‌లో ఏది మార్చినా లెక్క తప్పి బయటపడుతుంది. రెండోది కనపడని వాటర్‌మార్క్. మూడోది ఫింగర్‌ప్రింట్, అంటే ఫోటో ఎలా ఉంటుందో దాని గుర్తులు తీసి అడోబీ దగ్గర పెట్టుకుంటారు. చీటీ ఒక్కటే ఉంటే ఎవడో స్క్రీన్‌షాట్ తీస్తే అయిపోయినట్టే, అందుకే మిగతా రెండూ పెట్టారు, చీటీ చిరిగిపోయినా వాటర్‌మార్క్ చదివి, ఫింగర్‌ప్రింట్ పోల్చి ఆ చీటీని మళ్లీ వెతికి తెచ్చుకోవచ్చు. చెక్ చేయడానికి వాళ్ల ఇన్‌స్పెక్ట్ పేజీ ఉంది, క్రోమ్ ఎక్స్‌టెన్షన్ కూడా ఉంది. నా ఫోటోని వాట్సాప్‌లో మా చెల్లికి పంపించి, తను మళ్లీ స్క్రీన్‌షాట్ తీసి పంపితే దాన్ని అందులో వేసి చూశాను, నా పేరు, నా సంతకం పడిన తేదీ వచ్చాయి. ఆ తేదీ చూడగానే నాకు క్రీమ్ పేజీ వాళ్లు గుర్తొచ్చారు, రుజువేంటి అన్నారు కదా, ఇదిగో ఇదే. ఇకమీదట ఎవరైనా అలా ఎత్తుకెళ్తే, మీరు పోస్టు పెట్టిన తేదీ కంటే ముందే ఈ ఫోటో మీద నా సంతకం ఉంది, పక్కన ఒరిజినల్ ఛాయ ఇదిగో అని పక్కపక్కన పెట్టి చూపించొచ్చు.

వాట్సాప్ గురించి విడిగా చెప్పాలి, మన ఫోటోల ప్రయాణమంతా దాంట్లోనే కదా, స్టూడియో అన్నయ్య పంపేదీ, పెళ్లికూతురు అమ్మగారు ఫ్యామిలీ గ్రూపులో వేసేదీ, అక్కణ్నించి ఎవరెవరికో వెళ్లేదీ. మామూలుగా ఫోటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించి, లోపలి వివరాలన్నీ తీసేస్తుంది, చీటీ పోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఫైల్ ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. నేనిప్పుడు పెళ్లికూతురికి రెండు రకాలుగానూ పంపుతున్నా, దాచుకోడానికి డాక్యుమెంట్, అందరికీ చూపించుకోడానికి మామూలు ఫోటో. వివరాలు తీసేయడంలో ఒక మంచి కూడా ఉంది లెండి, లొకేషన్ లాంటివి పోతాయి. ఆ మాటకొస్తే చీటీలో ఎప్పుడూ మీ పేరే పెట్టండి, ఆ అమ్మాయి పేరు, ఊరు పొరపాటున కూడా పెట్టకండి, అది ఎవరైనా తెరిచి చదువుకునే చీటీ.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. పేరు పక్కన వెరిఫైడ్ అని రావాలంటే లింక్డ్‌ఇన్‌లో వెరిఫికేషన్ అయి ఉండాలి, మన దేశంలో అది ఆధార్, డిజీలాకర్ మీదుగా అవుతుంది. మా మేకప్ వాళ్లలో, ఫోటోగ్రాఫర్లలో లింక్డ్‌ఇన్ ఎంతమందికి ఉంది చెప్పండి, ఉన్నదంతా ఇన్‌స్టానే. బీటా మొదలైనప్పుడు ఫోటోలకి మాత్రమే, వీడియోలు తర్వాత తెస్తామన్నారు, మాకేమో సగం పని రీల్సే. ఏఐ ట్రైనింగ్ వద్దు అని పెట్టే టిక్ కూడా ఒక విన్నపం లాంటిదే, దాన్ని పాటించే కంపెనీలు పాటిస్తాయి, మిగతావాళ్ల చెయ్యి పట్టుకుని ఆపేదేం లేదు. అయినా నేను పెడుతున్నా, వద్దని చెప్పినట్టు రికార్డు ఉండాలి.

అన్నిటికంటే పెద్ద విషయం మొహం మార్ఫింగ్. 2023 నవంబర్‌లో రష్మిక మందన్న మొహాన్ని వేరే అమ్మాయి లిఫ్ట్‌లోకి వస్తున్న వీడియోకి అతికించి తిప్పారు గుర్తుందా, 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు ఆ కేసులో అరెస్ట్ చేసింది మన గుంటూరు జిల్లా కుర్రాడినే. అలాంటి పనిలో ఫోటో అలాగే వాడరు, మొహం గుర్తులు నేర్చుకుని కొత్త చుక్కలు గీసేస్తారు, కొత్తగా గీసిన చుక్కల్లో పాత వాటర్‌మార్క్ ఎక్కణ్నించి వస్తుంది? మొహం ఒక్కటే చిన్న ముక్క కత్తిరించి వాడినా ఏ కంపెనీ వాటర్‌మార్క్‌కైనా నిలబడ్డం కష్టమే. కాబట్టి డీప్‌ఫేక్ వీడియో మీద నా సంతకం దొరుకుతుందని నేను ఎవరికీ చెప్పను. ఒరిజినల్ మీద సంతకం, తేదీ ఉంది కాబట్టి ఆ మొహం ఏ ఫోటోలోంచి ఎత్తారో చూపించే వీలుంటుంది, అంతవరకే.

ఈ సమస్యకే సరిగ్గా సరిపోయే పద్ధతి మీద రీసెర్చ్ జరిగింది, శాన్‌డియాగోలో ఉన్న కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్లది, 2022లో వచ్చింది, పేరు ఫేస్‌సైన్స్. అందులో మొహం ఫోటోలో 128 బిట్ల రహస్యం, అంటే 128 సున్నాలు, ఒకట్ల వరస, దాస్తారు. అది కంప్రెషన్, రంగుల సర్దుబాటు లాంటి మామూలు మార్పులు తట్టుకుంటుంది, మొహం మార్చారా, అక్కడ మాత్రం చెడిపోతుంది. చెడిపోవడమే సాక్ష్యం అన్నమాట. నాలాంటిదానికి కావాల్సింది అచ్చం అలాంటిదే, ఫోటోగ్రాఫర్ లైటింగ్ సర్దితే ఊరుకోవాలి, ఎవడో ఛాయ మార్చి ముక్కు సన్నం చేస్తే పట్టుకోవాలి. అలాంటిది మనం డబ్బులిచ్చి కొనుక్కునే రూపంలో నాకైతే ఎక్కడా కనపడలేదు, ఎవరైనా తెస్తే మొదట కొనేది నేనే.

వాటర్‌మార్కులు చెరపడం మీద కూడా అంతే జోరుగా పని జరుగుతోంది. 2025లో కెనడాలో వాటర్లూ యూనివర్సిటీ వాళ్లు అన్‌మార్కర్ అని ఒకటి చేసి, ఏఐ బొమ్మల్లో పెట్టే కనపడని వాటర్‌మార్కుల్ని, అవి ఎలా పెట్టారో తెలీకపోయినా పాడు చేయొచ్చని చూపించారు. కెమెరాల వైపు కూడా పూర్తిగా కుదురుకోలేదు. 2023 అక్టోబర్‌లో లైకా ఎం11పీ మొదటిసారి ఫోటో తీయగానే సంతకం వేసే కెమెరాగా వచ్చింది, అది మన బడ్జెట్ కాదు వదిలేయండి. 2025లో నికాన్ జెడ్6 త్రీకి ఈ సౌకర్యం ఇచ్చారు, వెంటనే ఎవరో దాంట్లో లొసుగు పట్టుకుని, నిజం కాని ఫోటోకి కూడా కెమెరా చేత సంతకం పెట్టించొచ్చని చూపించేసరికి నికాన్ ఆ సర్వీస్ ఆపేసి సర్టిఫికెట్లు రద్దు చేసింది. లొసుగు బయటపడగానే దాచకుండా ఆపడం మంచి పనే అంటాను. అదే సంవత్సరం ఆగస్టులో వచ్చిన గూగుల్ పిక్సెల్ 10లో ఫోన్ కెమెరాతో తీసిన ఫోటోలకి ఇది నేరుగా వస్తోంది. నా దృష్టిలో అసలు దారి అదే, తీసినప్పుడే సంతకం పడాలి, నాలాగా కూర్చుని అప్‌లోడ్ చేసే ఓపిక అందరికీ ఉండదు, అన్ని కంపెనీల పదిహేను వేల రూపాయల ఫోన్లలో కూడా వచ్చినరోజే మామూలు అమ్మాయిల డీపీలకి రక్షణ.

మిగతావాటితో పోలిక అడుగుతారు కాబట్టి క్లుప్తంగా. గూగుల్ వాళ్ల కనపడని వాటర్‌మార్క్ సింథ్‌ఐడీ 2023 నుంచి ఉంది, కానీ అది గూగుల్ ఏఐ తయారుచేసిన బొమ్మల్లో పడేది, మన కెమెరా ఫోటోకి మనం వేసుకునేది కాదు. 2025 సెప్టెంబర్‌లో గూగుల్ ఏఐ యాప్ జెమినీలో చీర ఫోటోల ట్రెండ్ వచ్చింది కదా, ఊళ్లో ప్రతి అమ్మాయీ తన మొహం అందులో పెట్టేసింది, అప్పట్లో సజ్జనార్ గారు కూడా జాగ్రత్త అని పోస్టు పెట్టారు, ఆ బొమ్మల్లో ఉండేది ఈ సింథ్‌ఐడీనే. ఏదైనా బొమ్మ మీద అనుమానమొస్తే జెమినీలోనే వేసి ఇది గూగుల్ ఏఐతో చేసిందా అని అడగొచ్చు, వేరే కంపెనీ టూల్‌తో చేసి ఉంటే మాత్రం దీంతో తేలదు. చికాగో యూనివర్సిటీ వాళ్ల ఫాక్స్ (2020) ముఖాల్ని గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌ని తికమకపెట్టేది, ఎంఐటీ ఫోటోగార్డ్ (2023) ఏఐతో ఎడిట్ చేయబోతే ఫలితం చెడిపోయేలా ఫోటోలో మార్పులు పెట్టేది. రెండూ మంచి ఆలోచనలే, కానీ సంతకం, తేదీ ఇవ్వవు, నాకు ముందు కావాల్సింది అవి.

ఇంకో చిక్కు, ఫోటోగ్రాఫర్లతో ముందే మాట్లాడుకోండి. 2024లో ఇన్‌స్టా నడిపే మెటా వాళ్లు మేడ్ విత్ ఏఐ అని లేబుల్ వేయడం మొదలుపెడితే చిన్న టచప్ చేసిన నిజం ఫోటోలకి కూడా అది పడి ఫోటోగ్రాఫర్లు గోల చేశారు, జూలైలో దాన్ని ఏఐ ఇన్ఫో అని మార్చారు. ఎగిరిన వెంట్రుక తీయడానికి ఏఐ టూల్ వాడినా ఆ సమాచారం ఫైల్‌లోకి ఎక్కొచ్చు, నా ఒరిజినల్ మేకప్ కింద ఏఐ అని పడితే నా పరువేం కావాలి? మా స్టూడియో తమ్ముడికి చెప్పేశాను, నా పేజీకిచ్చే ఫోటోల్లో వెంట్రుకలు అలాగే ఉంచు, చర్మం ముట్టుకోకు, వెలుతురు మాత్రం సర్దు అని. ఫోటోలు ఇంకా బావున్నాయి తెలుసా, రంధ్రాలు కనపడే చర్మం మీద బేస్ ఎలా కూర్చుందో చూసే కదా తెలిసినవాళ్లు బుకింగ్ ఇచ్చేది.

చట్టం వైపు కూడా కొంచెం కదలిక వచ్చింది. 2026 ఫిబ్రవరి 20 నుంచి అమల్లోకి వచ్చిన ఐటీ రూల్స్ మార్పుల ప్రకారం ఏఐతో తయారుచేసిన నకిలీ కంటెంట్‌కి ప్లాట్‌ఫామ్‌లు లేబుల్ వేయాలి, ఆ లేబుళ్లు తీసేసే వీలివ్వకూడదు. లేబుల్ వేయని దొంగ యాప్‌లు ఉంటూనే ఉంటాయి, కాబట్టి మన వైపు ఒరిజినల్స్ సిద్ధంగా పెట్టుకోవాల్సిందే. మార్ఫింగ్ అసభ్యంగా ఉంటే మాత్రం వాటర్‌మార్కులు, రుజువులు అంటూ కూర్చోకండి, స్క్రీన్‌షాట్లు, లింకులు దాచుకుని వెంటనే 1930కి ఫోన్ చేయండి లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కంప్లైంట్ పెట్టండి, 18 దాటినవాళ్లయితే, ఒప్పుకోకుండా తిప్పే అసభ్య ఫోటోల్ని ఆపడానికి స్టాప్ ఎన్‌సీఐఐ సైట్ కూడా ఉంది, 2021 నుంచి నడుస్తోంది, ఫోటో మన ఫోన్ దాటి వెళ్లకుండానే దాని గుర్తు మాత్రం తీసుకుని అందులో చేరిన కంపెనీల దగ్గర ఆ ఫోటో ఎక్కకుండా చూస్తారు. ఈ సంగతి తెలీక ఎంతమంది అమ్మాయిలు ఇంట్లో చెప్పుకోలేక ఏడుస్తూ ఉంటారో తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది, మీ క్లయింట్లకి చెప్పండి దయచేసి.

నా రేటింగ్ ఐదుకి మూడున్నర. వాడకం తేలిక, ఫోటో క్వాలిటీ చెక్కుచెదరదు, పైసా ఖర్చు లేదు, రుజువు గట్టిగా ఉంటుంది, వీటికి ఇచ్చా. రీల్స్‌కి లేదు, వెరిఫైడ్ పేరుకి లింక్డ్‌ఇన్ గోల, తెలుగు లేదు, పైగా ఫోటో చూసే మామూలు మనిషికి దాన్ని చెక్ చేయాలని తెలియనే తెలీదు, వాటికి తగ్గించా. మొహాలు పెట్టి వ్యాపారం చేసే ప్రతివాళ్లూ, అంటే మేకప్ వాళ్లు, ఫోటో స్టూడియోలు, బొటిక్‌లు, డాన్స్ స్కూళ్లు, తప్పకుండా వాడాలంటాను. సొంత ఫోటోలు నలుగురు ఫ్రెండ్స్‌కి పెట్టుకునేవాళ్లకి దీనికంటే అకౌంట్ ప్రైవేట్‌లో పెట్టుకోవడమే ఎక్కువ మేలు.

నేనైతే ట్రయల్ రోజునే పెళ్లికూతురిని కూర్చోబెట్టి అడుగుతున్నా, పేజీలో పెట్టమంటావా వద్దా, పెడితే క్లోజప్‌లు పెట్టనా, మొహం కనపడకుండా జడ, చేతులు, చీర కుచ్చిళ్లు మాత్రం పెట్టనా అని. పెట్టమన్నవాళ్ల ఫోటోలు ముందు సంతకం వేసి, ఒరిజినల్ ఫైళ్లు విడిగా హార్డ్ డిస్క్‌లో తేదీ వారీగా దాచి, ఆ తర్వాతే పోస్టు చేస్తున్నా. క్రీమ్ పేజీ వాళ్లు వాడుకున్న అమ్మాయి ఫోటోకి కూడా వేశాను, తనని అడిగాకే మళ్లీ పేజీలో పెట్టాను, ఈసారి చామనఛాయ బాగా తెలిసేలా పగటి వెలుతురులో తీసిన ఫోటోని తనే ఎంచుకుంది.